మంచె కింద తోడేలు: తమ్ముడి ఫోన్ వచ్చినప్పటి నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినట్లేదు

ఉప్పల్_అక్క | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇది ఏ విభాగంలో పెట్టాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను. మా తమ్ముడు అమెరికాలో, మిన్నెసోటాలోని డులూత్ దగ్గర ఉంటాడు. ఆఫీసులో ఒక పెద్దాయన జింకల వేటకి రమ్మంటే రెండేళ్ళ నుంచి నవంబరులో ఆయనతో వెళ్తున్నాడు. నిన్న సాయంత్రం చెట్టుకి ఆనించి కట్టిన ఇనప మంచె మీద ఒక్కడే కూర్చున్నాడట. పెద్దాయన దూరంగా ఇంకో చెట్టు మీద. పొద్దు గూకుతుండగా ఒక తోడేలు మంచు మీద ముక్కు ఆనించుకుంటూ నడుచుకుంటూ వచ్చి, వీడు కూర్చున్న చెట్టుకి పది గజాల్లో ఆగి, తల ఎత్తి చూసిందట. వెనక పొదల్లో ఇంకో రెండు. వీడు తుపాకీ ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా ఉండిపోయాడు. కాసేపటికి అవే పక్కకి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత చీకట్లో టార్చి వేసుకుని బండి దాకా నడిచాడు, ఒక్కడే.

ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. స్పీకర్ ఆన్‌లో ఉన్న సంగతి నేను మర్చిపోయాను. అమ్మ మొత్తం విన్నది. పొద్దున్నుంచి రెండు ముద్దలు తిన్నది అంతే, "వాణ్ణి వచ్చేయమను" అంటోంది.

నా ప్రశ్నలు రెండే. మనిషి ఉన్నాడని తెలిసి కూడా అది అంత దగ్గరకి ఎందుకు వచ్చింది? ఇందులో నిజంగా భయపడాల్సింది ఉందా? ఎవరైనా అనుభవం ఉన్నవాళ్ళు చెప్తే అమ్మకి చదివి వినిపిస్తాను.

---

బిర్యానీ_భాయ్ | ఆదివారం, రాత్రి 9:52

మంచె మీద ఉన్నాడు కదక్కా, తోడేలు నిచ్చెన ఎక్కదు. మా ఏరియాలో రాత్రి పదకొండు తర్వాత బండి మీద వెళ్తే పదిహేను కుక్కలు వెంటపడతాయి. అమ్మగారికి అది చెప్పండి, అమెరికానే నయం అంటారు.

---

నల్లగండ్ల_ఎన్నారై | ఆదివారం, రాత్రి 10:31

పదకొండేళ్ళు మిన్నియాపొలిస్‌లో ఉండి తిరిగొచ్చాను. వేటకి నేను నాలుగు సీజన్లే వెళ్ళాను, అందులో తోడేలుని కళ్ళారా చూసింది ఒక్కసారి. అయినా తెలిసింది చెప్తాను.

"మనిషి ఉన్నాడని తెలిసి కూడా" అన్నారు చూడండి, అక్కడే తేడా ఉంది. దానికి తెలియదు. వేటగాడు చేసే పని ఏమిటి? కదలకుండా కూర్చుంటాడు, మాట్లాడడు, గాలికి ఎదురుగా కూర్చుంటాడు, సబ్బు వాసన కూడా రాకుండా బట్టలు వేరే ఉతుక్కుంటాడు. జింకకి తెలియకూడదని చేసేదంతా తోడేలుకీ తెలియకుండానే చేస్తుంది. అడవిలో మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళకి తోడేలు కనిపించేది చాలా తక్కువ, అది ముందే తప్పుకుంటుంది. ఎక్కువగా కనిపించేది ఇలా చెట్టు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్ళకే.

మీ తమ్ముడికి భయం అనిపించినప్పుడు లేచి నిలబడి, "ఏయ్, పో" అని తెలుగులో అన్నా సరిపోయేది. మనిషి అని తెలియగానే చాలావరకు అక్కడే వెనక్కి తిరుగుతాయి. నేల మీద ఉంటే మాత్రం పరుగెత్తకూడదు. ఎదురుగా నిలబడి, చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ, వీపు చూపించకుండా మెల్లగా వెనక్కి నడవాలి.

మిన్నెసోటాలో తోడేళ్ళు 2,700 పైనే ఉంటాయి. ఒక్క తుపాకీ సీజన్‌లోనే జింకల వేటకి లక్షల మంది వెళ్తారు. అన్ని లక్షల మంది చీకట్లో నడిచి బండ్ల దాకా వస్తారు, ఏటా. ఆ రాష్ట్రంలో మనిషిని తోడేలు గట్టిగా కరిచిన సంఘటన నాకు తెలిసి 2013లోది. విన్నిబిగోషిష్ అనే చెరువు ఒడ్డున క్యాంపులో పడుకున్న ఒక కుర్రాడి తల పట్టుకుంది. కుట్లు పడ్డాయి, బతికాడు. తర్వాత పరీక్ష చేస్తే ఆ తోడేలుకి దవడ వంకర, సొంతంగా వేటాడలేని స్థితి.

---

కాచిగూడ_జంక్షన్ | ఆదివారం, రాత్రి 10:44

ఒక డౌటు. హెచ్1బి మీద ఉన్నవాడికి తుపాకీ ఎట్లా ఇస్తారు? మా బావమరిదిని అడిగితే అస్సలు కుదరదు అన్నాడు.

---

నల్లగండ్ల_ఎన్నారై | ఆదివారం, రాత్రి 10:58

మామూలుగా కుదరదు, మీ బావమరిది చెప్పింది సగం నిజం. కానీ వేట లైసెన్సు ఉంటే చట్టంలో మినహాయింపు ఉంది. ఆ లైసెన్సుకి ముందు తుపాకీ భద్రత కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మిన్నెసోటాలో 1979 తర్వాత పుట్టినవాళ్ళందరికీ ఈ నియమం ఉంది.

ఇంకో మాట. తుపాకీ ఒళ్ళో ఉంచుకుని పేల్చకపోవడం మీ తమ్ముడు చేసిన మంచి పని. అక్కడ తోడేలు రక్షిత జంతువు. 2021లో రక్షణ తీసేశారు, 2022 ఫిబ్రవరిలో కోర్టు తీర్పుతో మళ్ళీ వచ్చింది. మనిషి ప్రాణం మీదికి వస్తే తప్ప కాల్చకూడదు. పది గజాల దూరంలో నిలబడి చూడటం ప్రాణం మీదికి రావడం కిందకి రాదు.

---

బిర్యానీ_భాయ్ | ఆదివారం, రాత్రి 11:03

అక్కడ వేటగాళ్ళు మెరిసే ఆరెంజ్ జాకెట్ వేసుకుంటారు కదా. జీహెచ్ఎంసీ వర్కర్ లాగా కిలోమీటరు నుంచి కనిపిస్తారు. దానికి కనిపించలేదా?

---

నల్లగండ్ల_ఎన్నారై | ఆదివారం, రాత్రి 11:10

మంచి ప్రశ్నే భాయ్. ఆ ఆరెంజ్ మనుషుల కోసం, ఇంకో వేటగాడు జింక అనుకుని కాల్చకుండా. జింకకి, కుక్క జాతికి ఎరుపు, పచ్చ తేడా తెలియదు. వాటి కంటికి అది ఏదో మట్టిరంగు. కదిలితేనే చూస్తాయి.

---

మలక్‌పేట_తాతయ్య | సోమవారం, ఉదయం 5:20

అమ్మా, మీ అమ్మగారి భయం నాకు అర్థమైంది. నాకిప్పుడు డెబ్బై దాటాయి. చిన్నప్పుడు మా నాన్నగారితో షికారుకి వెళ్ళేవాణ్ణి. అప్పట్లో లైసెన్సు మీద వేట ఉండేది, 1972 చట్టంతో ఆగిపోయింది. నాన్నగారు తుపాకీ అప్పగించేశారు. దాని గురించి గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు.

1966 అనుకుంటా, జనవరి. జహీరాబాద్ అవతల నల్లరేగడి. జొన్న కోసేశారు, కొయ్యకాళ్ళు మిగిలాయి. కృష్ణజింకల మంద ఒకటి మేస్తోంది. నాన్నగారు, నేను, ఊళ్ళో నుంచి తెచ్చుకున్న దారి చూపే మనిషి, ముగ్గురం ఎండిన వాగులో బోర్లా పడుకున్నాం. మందని అటు నుంచి ఎవరైనా కదిలిస్తే ఈ వాగు దాటే పోవాలి, అదీ లెక్క. మేము ఇంకా మనిషిని అటు పంపలేదు, ఈలోపే మంద అవతల ఒక తోడేలు కనిపించింది. దాక్కోవడం లేదు. చేను గట్టు మీద తాపీగా, మార్కెట్‌కి పోతున్నట్టు నడుస్తోంది. జింకలన్నీ తల ఎత్తి దాన్నే చూస్తున్నాయి.

దారి చూపే ఆయన నా భుజం గీరాడు. ఎడమ పక్కకి చూస్తే, మా వాగులోనే, ఇరవై అడుగుల దూరంలో రెండోది పడుకుని ఉంది! ఎప్పుడు దిగిందో తెలియదు. మా లాగే బోర్లా, గడ్డం నేలకి ఆనించి, జింకల వైపు చూస్తూ. మేము వేసిన లెక్కే అది కూడా వేసింది. నాన్నగారు నా నోటి మీద చెయ్యి పెట్టారు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది కాబట్టి మా వాసన దానికి అందలేదు.

అప్పుడు నాకు తుమ్ము వచ్చింది.

మిగతాది మధ్యాహ్నం రాస్తాను, బీపీ మాత్ర వేసుకుని నడకకి వెళ్ళాలి.

---

బిర్యానీ_భాయ్ | సోమవారం, ఉదయం 7:15

తాతగారూ!! తుమ్ము దగ్గర ఆపేస్తే ఎట్లా? ఆఫీసుకి ఎలా వెళ్ళాలి నేను?

---

మోడరేటర్ | సోమవారం, ఉదయం 9:05

రెండు ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి ఒక్క మాట. మన దేశంలో తోడేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు, పులితో సమానం. చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. పాత జ్ఞాపకాలు, చట్టబద్ధమైన పనుల గురించి రాసుకోవచ్చు. ఇప్పుడు ఇక్కడ ఎక్కడ వేటాడొచ్చు అని అడిగే పోస్టులు తీసేస్తాను. ఒకటి ఇప్పటికే తీసేశాను.

---

గొంగడి_భుజం | సోమవారం, ఉదయం 11:30

మాది నారాయణఖేడ్ దిక్కు. కురుమోళ్ళం. నేను ఇప్పుడు మాదాపూర్‌లో పనిచేస్తున్నా, బాపు ఇంకా మంద మీదనే ఉన్నాడు, నూట ఇరవై గొర్లు. ఇక్కడ అందరూ తోడేలుని ఒక్కసారి చూసినందుకు కథలు చెప్తున్నారు. మా బాపు నెలకి రెండుసార్లు చూస్తాడు.

మొదట ఒక సంగతి. తోడేలు అంటే దట్టమైన అడవి అనుకుంటారు. మన దిక్కు తోడేలు అడవిలో ఉండదు. గుట్టలు, తుమ్మలు, గడ్డి బీళ్ళు, చేన్లు, అదే దాని ఇల్లు. మంద ఎక్కడికి పోతే అది అటు వస్తుంది. సైజు కూడా తమ్ముడు చూసినంత ఉండదు, సన్నగా, పొడుగు కాళ్ళతో, ఇరవై కిలోలు చిల్లర.

రాత్రి రైతు చేనులో మంద పెడతాం, ఎరువు కోసం. పాల పిల్లల్ని గంపల కింద మూస్తాం. ముసురు పట్టిన రాత్రి ఎక్కువ భయం. చినుకుల చప్పుడుకి కుక్కలకి వినపడదు, మనిషి గొంగడి తల మీద కప్పుకుంటాడు, అప్పుడు వస్తుంది. ఒకటి అటు పక్క కనిపించి కుక్కలని గుంజుకపోతుంది, ఇంకోటి ఇటు నుంచి పిల్లని ఎత్తుకపోతుంది. తాతగారు వాగులో చూసింది అచ్చం అదే.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకసారి నా కాళ్ళ దగ్గర నుంచే ఎత్తుకపోయింది. నేను పడుకున్నా, గంప పక్కనే ఉంది. లేచి చూసేసరికి గంప దొర్లింది, ఇరవై అడుగుల్లో అది పిల్లని నోట కరుచుకుని నన్ను చూస్తోంది. నేను అరిచింది నాకే వినపడలేదు. నన్ను ఏమీ అనలేదు. బాపు వచ్చి తోడేలుని ఒక్క మాట తిట్టలేదు, మా నల్ల కుక్కని మాత్రం రెండు రోజులు తిట్టిండు. దాని మెడకి మేకుల పట్టీ కొత్తది చేయించి నెల కాలేదు, పైసలు దండగ అని.

పోయిన సాలు మూడు పిల్లలు పోతే పరిహారం కోసం తిరిగిండు. ఫొటో చూపిస్తే సరిపోదు, డాక్టర్ వచ్చి చూసి రాయాలన్నారు. డాక్టర్ వచ్చేసరికి మూడో రోజు. కాకులు ఏం మిగిలిస్తాయి?

---

డెక్కన్_దుర్భిణి | సోమవారం, మధ్యాహ్నం 1:10

గొంగడి అన్నా, ఇన్నేళ్ళుగా ఫొటోలు తీస్తున్నా నాకు తెలియని సంగతులు చెప్పారు. ముసురు సంగతి ఇప్పుడే వింటున్నాను.

హైదరాబాద్ నుంచి వంద, నూట యాభై కిలోమీటర్లలో తోడేళ్ళు ఇంకా ఉన్నాయి. చోటు చెప్పను, చెప్తే వచ్చే ఆదివారానికి ఇరవై కార్లు వస్తాయి. మీ బాపు చెప్పే గడ్డి బీళ్ళు రికార్డుల్లో చాలా చోట్ల "బంజరు". బంజరు అంటే ఖాళీ అని అర్థం, ఖాళీ అంటే ప్లాట్లు. నేను ఆరేళ్ళు వరసగా పిల్లల్ని చూసిన ఒక గుట్ట చుట్టూ ఇప్పుడు ఒక వెంచర్ వాళ్ళు కమాను కట్టారు. కమాను మీద ప్లాస్టర్ సింహాలు.

దేశం మొత్తం మీద మూడు వేల చిల్లర మాత్రమే ఉంటాయని అంచనా. ఇంకో ప్రమాదం ఊరకుక్కలు. తోడేళ్ళు తగ్గిపోయి జత దొరక్క కుక్కలతో కలుస్తున్నాయి. పుణె దగ్గర అలా పుట్టినవి ఉన్నాయని జన్యు పరీక్షల్లో తేలింది. ఈ జాతి అలా పోగొట్టుకునేది కాదు. మన సీసీఎంబీ (హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 2007లోనే ఒక పరిశోధన ప్రచురించారు, ఈ మైదానాల తోడేలు, హిమాలయాల తోడేలు రెండూ మిగతా ప్రపంచపు తోడేళ్ళ నుంచి ఎప్పుడో విడిపోయిన పాత వంశాలని. తార్నాక పక్కనే జరిగిన పని, మనలో ఎంతమందికి తెలుసు?

---

మక్కచేను | సోమవారం, మధ్యాహ్నం 3:45

నాదొకటి. మా ఊళ్ళో మక్కచేన్లని అడవిపందులు తొక్కేస్తుంటే అనుమతి తెచ్చి, అటవీ శాఖ ప్యానెల్‌లో ఉన్న షూటర్‌ని పిలిపించాం. సిటీ నుంచి వచ్చాడు. నేను టార్చి పట్టుకునే డ్యూటీ. రాత్రి రెండింటికి చేను చివర రెండు కళ్ళు మెరిశాయి. నేను "సార్, అదిగో" అన్నాను. ఆయన తుపాకీ ఎత్తి, ఎత్తినట్టే ఆగాడు. కళ్ళు నేలకి ఎంత ఎత్తున ఉన్నాయో చూడు అన్నాడు. పంది కళ్ళు అంత మెరవవు, తల దించుకుని ఉంటుంది. ఇది తల ఎత్తి నేరుగా వెలుతురులోకి చూస్తోంది. కొంచెం పక్కకి తిరిగితే అప్పుడు కాళ్ళు కనిపించాయి, తోక కిందకి వేలాడుతోంది. తోడేలు.

అది పారిపోలేదు. వెలుగుకి అటు పక్క ఎవరున్నారో దానికి కనపడదు కదా. ఆయన నోటితో చిన్నగా దగ్గాడు. అంతే, లేదు. నల్లగండ్ల సార్ చెప్పింది నిజం, మనిషి గొంతు వినగానే మాయం. ఆ రాత్రి ఆయన స్థానంలో మా సర్పంచ్ బామ్మర్ది ఉండి ఉంటే మేమందరం ఇప్పుడు కోర్టు చుట్టూ తిరుగుతుండేవాళ్ళం.

---

సీతాఫల్‌మండి_సీత | సోమవారం, సాయంత్రం 6:20

అందరూ తోడేలుని సాధువుని చేసేస్తున్నారు. 2024లో ఉత్తరప్రదేశ్‌లో బహరాయిచ్ దగ్గర పిల్లల్ని ఎత్తుకెళ్ళి చంపినవి ఏవి మరి? నెలల తరబడి వార్తల్లో వచ్చింది. వాళ్ళ అమ్మకి "ఏమీ కాదు" అని చదివి వినిపించడం న్యాయమా?

---

రిటైర్డ్_బీట్ | సోమవారం, రాత్రి 8:35

సీత గారూ, మీరు అన్నది కాదనడానికి లేదు. అటవీ శాఖలో ముప్పై రెండేళ్ళు చేశాను. బహరాయిచ్ నిజం, 1996లో అదే రాష్ట్రంలో ప్రతాప్‌గఢ్, జౌన్‌పూర్, సుల్తాన్‌పూర్ వైపు జరిగింది ఇంకా ఘోరం, పదుల సంఖ్యలో పిల్లలు పోయారు. తోడేలు మనిషిని ముట్టదు అని నేను ఎప్పుడూ అనలేదు, అనను.

కానీ పోయింది ఎవరో చూడండి. దాదాపు అందరూ చిన్న పిల్లలు. తలుపులు లేని ఇళ్ళు, ఆరుబయట పడకలు, ఇంటి చుట్టూ నిలువెత్తు చెరకు. తినడానికి అడవిలో ఏమీ మిగలని చోట, మేక కంటే పిల్ల సులువుగా దొరికే చోట ఒక జంటో, ఒక గుంపో అలవాటు పడుతుంది. అక్కడ మేకకి కాపలా ఉంటుంది, పిల్లకి ఉండదు. ఆ మాట రాయడానికి కూడా కష్టంగా ఉంది. ఎదిగిన మనిషి, చేతిలో తుపాకీ, చుట్టూ జింకలు నిండిన అడవి, ఈ లెక్క వేరు.

నిజంగా భయపడాల్సింది ఒకటి ఉంది, అది పిచ్చి పట్టిన తోడేలు. అది గుంపులో రాదు, పగటిపూట ఊళ్ళోకి నేరుగా వస్తుంది, అరిచినా ఆగదు, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ముఖం మీద, తల మీద కరుస్తుంది. కుక్కకాటు కంటే ప్రమాదం, గాయాలు లోతు, మెదడుకి దగ్గర. 1886లో రష్యాలోని స్మోలెన్‌స్క్ నుంచి ఇలాంటి తోడేలు కరిచిన 19 మంది పారిస్ వెళ్ళారు, రేబిస్ టీకా కనిపెట్టిన పాశ్చర్ దగ్గరకి. అన్ని రోజుల ప్రయాణం తర్వాత కూడా 16 మంది బతికారు. ఇప్పుడు మనకి నారాయణగూడలో ఐపీఎం (ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ) ఉంది, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది. ఏ జంతువు కరిచినా ముందు సబ్బు పెట్టి పావుగంట నీళ్ళ ధార కింద కడగండి, పసుపు, కారం, సున్నం పెట్టకండి, వెంటనే వెళ్ళండి. టీకా ఒక్కటే కాదు, గాయం లోతుగా ఉంటే గాయంలో వేసే ఇంజెక్షన్ కూడా అడగండి.

ఇంకో చిన్న గొడవ. ఊళ్ళలో "తోడేలు" అని ఫోన్ వస్తే మేము వెళ్ళి చూసేది సగం సార్లు దుమ్ములగొండి, మిగతా సగంలో నక్క. ముందు కాళ్ళ కంటే వెనక కాళ్ళు పొట్టి, ఒంటి మీద చారలు ఉంటే దుమ్ములగొండి. ఎర్రగా, తోక నల్లగా కుచ్చులా ఉండి గుంపుగా ఉంటే రేచుకుక్క. పాతబస్తీలో ముసలివాళ్ళు తోడేలుని లాండ్గా అనేవారు, ఇప్పుడు ఆ మాటే వినపడటం లేదు.

---

ఉప్పల్_అక్క | మంగళవారం, ఉదయం 8:10

అందరికీ పేరు పేరునా థాంక్స్. సీత గారూ, మీ పోస్టు కూడా అమ్మకి చదివాను, దాచలేదు. ఆశ్చర్యంగా అది విన్నాకే అమ్మ కాస్త కుదుటపడింది. "అందరూ ఏమీ కాదు ఏమీ కాదు అంటే నాకు నమ్మకం కుదరలేదు" అంది.

ఇప్పుడు అసలు సంగతి. నల్లగండ్ల గారు వాసన గురించి రాసింది తమ్ముడికి పంపాను. గంట వరకు జవాబు లేదు. తర్వాత ఫోన్ చేసి, "అక్కా, నేను బూట్లకి ఆడజింక వాసన మందు రాసుకున్నాను" అన్నాడు. మగజింకలు వాసన పట్టుకుని వస్తాయని అక్కడ షాపుల్లో సీసాల్లో అమ్ముతారట. బండి దిగిన దగ్గర నుంచి చెట్టు దాకా ఆ బూట్లతోనే నడిచాడు. మర్నాడు పొద్దున పెద్దాయనతో వెళ్ళి మంచులో చూస్తే, రోడ్డు నుంచి చెట్టు వరకు తన బూటు అడుగుల పక్కనే, కొన్ని చోట్ల అడుగుల మీదనే, తోడేలు పంజాల గుర్తులు ఉన్నాయి. అది ముక్కు మంచుకి ఆనించి వచ్చింది అందుకే. ఆడజింక వెళ్ళిన దారి అనుకుని వచ్చి, చివర్లో తల ఎత్తి చూస్తే చెట్టు మీద మా వాడు!

పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడట. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆ బూట్లు ఎక్కడ పెట్టావు అని అడిగింది. గుమ్మం బయట అన్నాడు. "అవతల పారెయ్ ముందు, వాసన పట్టుకుని ఇంటికొస్తాయి" అని పది నిమిషాలు తిట్టింది. తిట్టడం మొదలైందంటే మామూలు అయిపోయినట్టే. రాత్రి పెరుగన్నం తిన్నది.

---

నల్లగండ్ల_ఎన్నారై | మంగళవారం, ఉదయం 8:40

సీసా మందు!! అది అడగాలని నాకు తట్టనేలేదు. అమ్మగారు అన్నదాంట్లో కూడా పాయింట్ ఉంది, తిరిగొచ్చేటప్పుడు కూడా అవే బూట్లతో బండి దాకా నడిచాడు. వచ్చే ఏడాది ఆ మందు బూట్లకి రాయకుండా, మంచెకి దూరంగా ఒక గుడ్డకి అద్ది కొమ్మకి కట్టమనండి.

---

గొంగడి_భుజం | మంగళవారం, ఉదయం 9:15

బాపుకి ఫోన్‌లో చెప్పిన. "పైసలు పెట్టి కొనుక్కుని మరీ పిలిపించుకున్నడా" అని అడిగిండు.

---

బిర్యానీ_భాయ్ | మంగళవారం, ఉదయం 9:30

తాతగారూ, సోమవారం మధ్యాహ్నం అన్నారు. మంగళవారం వచ్చింది. తుమ్ము ఏమైంది?

---

మలక్‌పేట_తాతయ్య | మంగళవారం, సాయంత్రం 4:50

క్షమించాలి, మనవడు ఫోన్ తీసుకెళ్ళాడు.

తుమ్మాను. ఆపుకుందామంటే ఇంకా గట్టిగా వచ్చింది. వాగులో పడుకున్న తోడేలు చటుక్కున మా వైపు తిరిగింది. అంత దగ్గరగా దాని ముఖం చూశాను, కళ్ళు తేనెరంగు. నాన్నగారు కదలలేదు. అది లేచి పారిపోతుందనుకున్నాం. పారిపోలేదు! వాగు వెంట ఓ ముప్పై అడుగులు అవతలకి జరిగి, మళ్ళీ బోర్లా పడుకుంది. మా మీద కోపంతో ఒకసారి వెనక్కి చూసింది, అది మాత్రం నా ఊహ కావచ్చు.

ఈలోపు గట్టు మీదది పరుగు అందుకుంది. మంద బెదిరి వాగు వైపే వచ్చింది. నాన్నగారు తుపాకీ ఎత్తారు. జింకలు మా ముందు నుంచి కాకుండా, నా తుమ్ము విని కాబోలు, సరిగ్గా ఆ ముప్పై అడుగుల అవతల వాగులోకి దూకాయి. నాన్నగారు పేల్చలేదు, పేల్చడానికి వీలు లేదు. అన్నీ దాటిపోయాయి, ఒకటి తప్ప.

దారి చూపే ఆయన నెమ్మదిగా, "వాటిది అయింది, మనం లేద్దాం సాబ్" అన్నాడు. తోడేలు రక్తం చేలో పడితే ఆ చేను పండదని వాళ్ళ నమ్మకం, నాన్నగారు తుపాకీ దించేదాకా ఆయన ఆ తుపాకీనే చూస్తున్నాడు.

తిరుగు దారిలో సదాశివపేటలో జీపు ఆపి మేక మాంసం కొన్నాం. ఇంట్లో అమ్మకి జింక అనే చెప్పాం.